ఆషాఢంలో వండిన చేపల కూర

అప్పలనర్సమ్మకు యావజ్జీవం పడిన రోజున బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆమె గురించి మంచిమాట ఒక్కటీ వినబడలేదు. ఆమె చేతి ఆవకాయ పాతికేళ్ళు తిన్న నోళ్ళే అవన్నీ. ఆమెను వెనకేసుకు రావలసిన పని ఎవరికీ లేదు. చేసింది ఘోరమే. అయితే మొగుడి మీద కోపంతో చేసిందని కాలనీ అనుకుంది చూడండి, అది మాత్రం శుద్ధ అబద్ధం.

చిన్నారావు లోకోషెడ్డులో ఫిట్టరు. తాగడు, చెయ్యి చేసుకోడు. ఆమె శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లగా వచ్చి, అతని రెండు గదుల క్వార్టర్‌లో సంసారం పెట్టింది. ఒక్కడే కొడుకు, తిరుమలరావు. రైల్వే పరీక్ష నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తప్పాడు. వాడికి రాత బాగోలేదని తల్లి, వాడికి చదువే ఎక్కదని తండ్రి. 2006 సెప్టెంబరు ఆఖరున తండ్రి రిటైరవుతాడు. ఆ తర్వాత క్వార్టరూ ఉండదు, కొడుక్కి దారీ ఉండదు.

కాలనీలో చంటిపిల్లలకి కూడా తెలిసిన రూలు ఒకటుంది. సర్వీసులో ఉండగా మనిషి పోతే, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. పక్కింటి కనకమహాలక్ష్మి మొగుడు అలాగే గుండెపోటుతో పోయాడు. ఏడాది తిరక్కుండా ఆమె కొడుకు డ్యూటీకెక్కాడు. వాడు రోజూ సైకిలు మీద షెడ్డుకి వెళ్ళడం అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. చూసి చూసి ఆ పాడు ఆలోచన కడుపులో పెట్టుకుంది.

ఆమెకు ఇది కొత్త కాదు. నాలుగేళ్ళ కిందట అత్త అచ్చియమ్మ రెండేళ్ళు మంచంలో ఉండి పోయింది. ఎత్తీ దించీ కడిగీ నడుం విరిగిపోయిన కోడలు, ఒక ఉదయం ఆమె గంజిలో ఎలకల మందు కలిపింది. ముసలిది పోయిందంటే ఎవరు మాత్రం ఎందుకని అడుగుతారు? చిన్నారావు గుండు చేయించుకుని కర్మ చేశాడు. కోడలు బాగా చూసుకుందని పదిమందీ మెచ్చుకున్నారు. అదిగో, అప్పుడే చెయ్యి తిరిగింది.

2006 జులైలో గురుపూర్ణిమ వెళ్ళిన మర్నాడు చేపల కూర వండింది. చేపలే ఎందుకంటే, షెడ్డులో నలుగురూ కూరలు పంచుకు తింటారు, కాని చిన్నారావు జట్టులో తక్కినవాళ్ళు మాంసం తిన్నా చేప ముట్టరు. పరాయి తల్లికి కడుపుకోత పెట్టకూడదని ఆమె పెట్టుకున్న ధర్మం అది! క్యారియరు కట్టి ఇచ్చింది. అతను వెళ్ళాక అంట్లు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. మధ్యాహ్నం దాటింది. వాన మొదలైంది. తలుపు చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూసింది.

మూడు గంటలకు షెడ్డు మనిషి తడుస్తూ వచ్చి ఆస్పత్రికి రమ్మన్నాడు. ఎలా ఏడవాలో దారంతా సిద్ధం చేసుకుంటూ వెళ్ళింది. వార్డు గుమ్మంలో చిన్నారావు ఎదురొచ్చాడు. బట్టలమీద వాంతి మరకలు. మనిషి మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు.

"మనోడికే, నర్సమ్మా. కాంట్రాక్టరు దగ్గర పనుందంటే సర్టిఫికెట్లు అట్టుకుని షెడ్డుకి రమ్మన్నాను. నీ కూర ఆడికి ఎట్టీసినాను."

"నువ్వు తిన్లేదా?"

"ఇయ్యాల్టినుంచి సావన్ కదా. షెడ్డులో అందరూ నీసు మానీసినారు. ఆలతోపాటు నానూ మొక్కుకున్నాను."

"మనకి ఇంకా ఆషాఢమే కదా," అంది అప్పలనర్సమ్మ. ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉండి, హిందీవాళ్ళ శ్రావణం మనకన్నా పక్షం ముందే వస్తుందని తెలిసి కూడా, తన మొగుడు వాళ్ళ లెక్కలో పడతాడని ఆమెకు తట్టలేదు. గోడకు చేరబడింది.

వార్డంతా వానాకాలపు వాంతులూ విరేచనాలూ. డాక్టరు ఏం తిన్నాడని అడిగితే చేపల కూరని చెప్పారు. చేప పాడై ఉంటుందని సెలైను పెట్టాడు. నోరు విప్పడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. ఐదు గంటలకు తిరుమలరావు లేచి కూర్చున్నాడు. "అమ్మా, ప్యాస్ లగ్ రహీ హై, నీళ్ళియ్యి," అన్నాడు. చిన్నారావు మొహం విప్పారింది. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మని కాగితం రాయబోయాడు.

అత్త కూడా ఇలాగే లేచి కూర్చుంది. ఆ సంగతి ఈ భూమ్మీద అప్పలనర్సమ్మ ఒక్కదానికే తెలుసు.

ఆమెది బజారు హిందీ. ఆస్పత్రిలో ఎప్పుడూ ఆమె తెలుగులో చెబితే చిన్నారావు హిందీలో చెప్పడం అలవాటు. వచ్చి డాక్టరు చెయ్యి పట్టుకుంది. మొగుడి మొహం చూడకుండా, "ఈ బాబుతో సెప్పు," అంది. "మీ అమ్మ కూడా మధ్యాన్నానికి ఇలాగే తేరుకుని మజ్జిగ తాగింది. దీపాల ఏలకి ఎలిపోనాది. అప్పుడు గంజిలో ఏసిన ఎలకల మందే ఇయ్యాల కూరలో ఏసినాను. పిల్లోడిని ఇంటికి పంపొద్దని సెప్పు."

చిన్నారావు అలవాటు చొప్పున, "సాబ్, యే బోల్ రహీ హై, మేరీ మా భీ..." అని మొదలుపెట్టి, 'మా అమ్మ కూడా' అన్నంతవరకూ వచ్చి ఆగిపోయాడు.

"ఏటన్నావే?"

"ముందు ఆయనతో సెప్పు. తరవాత నన్ను ఏటి సేసుకుంటావో సేసుకో."

డాక్టరు కలం పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. తిరుమలరావు నీళ్ళ గ్లాసుకోసం చెయ్యి చాపాడు. చిన్నారావు ఆ చేతిని చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, తన తల్లిని భార్య ఎలా చంపిందో ఒక్క ముక్క వదలకుండా హిందీలో చెప్పాడు.