గోల్‌కీపర్ తండ్రితో కడప ప్లేఆఫ్స్‌కు

మా మేడమీద గదిలో మూడేళ్ళుగా నాగవేణి అనే అమ్మాయి అద్దెకు ఉంటోంది. సొంతూరు కోసిగి దగ్గర ఒక పల్లె. డిగ్రీ చదవడానికి కర్నూలు వచ్చింది, కాలేజీ మైదానంలో హాకీ కర్ర పట్టింది, చివరికి గోలు ముందు నిలబడటమే ఉద్యోగంగా చేసుకుంది. రాయలసీమ పట్టణాల పేర్లతో ఆడపిల్లల జట్లు ఆడే ఒక ప్రైవేటు లీగులో కర్నూలు జట్టుకు ఆమే గోల్‌కీపర్. సీజను ఉన్నన్నాళ్ళు నెల జీతం ఇస్తారు. ఈసారి జట్టు ప్లేఆఫ్స్ దాకా వచ్చింది. మ్యాచ్ కడపలో. ఆ రోజే, ఆట మొదలయ్యేలోపల, వచ్చే రెండు సీజన్ల ఒప్పందం మీద సంతకం కావాలని మేనేజరు కబురు చేశాడు. జట్టుతో రెండు రోజులు ముందే బయలుదేరుతూ నాగవేణి ఆ కాగితాల నకలు నా చేతిలో పెట్టి, వాళ్ళ నాయిన ఒక్కడే వస్తాడనీ, నేను తోడు వెళితే బాగుంటుందనీ అడిగింది. కరెంటు బిల్లు కూడా రెండుసార్లు చదివి గానీ కట్టనని ఆ అమ్మాయికి తెలుసు.

కాగితాలు చదివాను. జీతం కాస్త పెంచారు. కానీ దెబ్బ తగిలితే ఏమిటన్న మాట ఎక్కడా లేదు. పోయిన సీజనులో నాగవేణి మోకాలు వాచి రెండు నెలలు మెట్లు ఎక్కలేకపోయింది. వైద్యం ఖర్చు కన్నవాళ్ళదే, ఆ రెండు నెలల జీతమూ రాలేదు. వాళ్ళ అమ్మానాన్నలు ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస వెళ్ళే కూలీలు. ఒక ఏడాది కూలి మొత్తం ఆ మోకాలికే పోయింది. ఇంకో రెండేళ్ళు అదే పద్ధతి అయితే, రెండో దెబ్బతో ఆట మానుకోవాల్సిందే. నాకు ధైర్యమిచ్చిన సంగతి ఒకటుంది. పాత ఒప్పందం ఈ టోర్నీ ముగిసేదాకా చెల్లుతుంది. కాబట్టి కొత్త సంతకం పెట్టకపోయినా ప్లేఆఫ్ ఆడకుండా ఎవరూ ఆపలేరు. సగం పని అయినట్టేనని అనుకున్నాను.

నాగవేణి తండ్రి ఈరన్న ముందురోజు సాయంత్రమే ఎమ్మిగనూరు మీదుగా బస్సులో వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. భార్య మిరప చేలకు వెళ్ళిపోయింది. ఈయన ఈ పని కోసమే ఆగాడు. పొద్దున ఆరు గంటలకు కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. ఈరన్నకు మాత్రం మూడు వందల పైన అయింది. కండక్టరు చిల్లర ఇస్తూ, "ఏమప్పా, మొగోళ్ళకే బరువు చూడు," అన్నాడు. ఈరన్న టికెట్టు జేబులో పెట్టుకుంటూ, "మా ఇంట్లో సంపాదించేది ఆడోళ్ళేలే అప్పా, నేను ఖర్చు పెట్టేవాణ్ణే," అన్నాడు. వెనక సీట్ల ఆడవాళ్ళు నవ్వారు.

దారి పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా పోతుంది. ఎడమ పక్క కూర్చుంటే పొద్దున ఎండ మొహాన కొడుతుంది కానీ, నంద్యాల దాటాక నల్లమల కొండలు చాలాసేపు కిటికీలోనే ఉంటాయి. శనగ కోసేసిన నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. నంద్యాలలో బస్సు కాసేపు ఆగితే డబ్బాలో తెచ్చిన బొరుగుల ఉగ్గాని తీశాను. ఈరన్న తన గుడ్డ మూట విప్పి జొన్నరొట్టె, చెనక్కాయల పొడి నాకూ పెట్టాడు. దారిలో కొన్నది టీ ఒక్కటే, అది ఆళ్ళగడ్డలో. అక్కడే ఆయన ఒక సంగతి బయటపెట్టాడు.

"అక్కా, నీకొక మాట చెప్పల్యా. పోయిన అమాసకు మేనేజరు సారు మా ఊరికి వచ్చె. ఇరవై వేలు నా చేతిలో పెట్టె. తీసుకుంటి."

కాగితం ఏమైనా రాసిచ్చావా అని అడిగాను. లేదన్నాడు. ఆ డబ్బు ముట్టుకోలేదు, నడుముకు కట్టుకుని తెచ్చాడు. అయితే తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

వలసకు పోయేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. కూలీలను కూడగట్టి తీసుకుపోయే మేస్త్రీ ముందుగా కొంత డబ్బు చేతిలో పెడతాడు, దాన్ని బయానా అంటారు. తీసుకున్నాక కూడా మనసు మారితే తిరిగి ఇచ్చేయవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అయితే అది లారీలోకి మూట ఎక్కేదాకానే. బట్టలూ గిన్నెలూ కట్టిన మూట లారీ ఎక్కిందంటే ఇక కూలి గురించి బేరం లేదు, ఆ సీజనంతా మేస్త్రీ చెప్పినట్టే.

"పాప బ్యాగు మొన్ననే వాళ్ళ బండి ఎక్కిపాయ గదక్కా," అన్నాడు ఈరన్న. "ఇంక నేనేమని అడిగేది?"

మైదుకూరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆ బ్యాగు ఈ సీజను ఆట కోసం వెళ్ళిందనీ, వచ్చే సీజనుకూ దానికీ సంబంధం లేదనీ, కాగితం లేని ఇరవై వేలకు ఎవరూ కట్టుబడనక్కర్లేదనీ అన్నాను. ప్రతి మాటకూ తల ఊపాడు. చివరికి, "నువ్వు చెప్పేది కాగితం సంగతి అక్కా, అది నిజమే. నేను చెప్పేది నా మొగం సంగతి," అన్నాడు.

పదకొండు దాటాక కడపలో దిగాం. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో కారం దోశ బాగుంటుంది. ఎర్రకారం మరీ ఎక్కువనిపిస్తే పప్పులపొడి ఎక్కువ చల్లమని అడగండి, చల్లుతారు. ఇద్దరికీ కలిపి నూట ఇరవై. మైదానం ఊరి చివర ఉంది. ఆటోకు రెండు వందలు అడిగాడు, నూట యాభైకి వచ్చాడు. హాకీ చూడటానికి కర్నూలు నుంచి వచ్చామంటే ఆటో అతను నమ్మలేదు. మా పాప గోలు కాడ నిలబడతాది అని ఈరన్న చెప్పాడు.

"నిలబడేదేనా? పరిగెత్తే పని లేదు, మంచి ఉద్యోగమేలే."

"నీ మీదికి రాయి మాదిరి బాలు వస్తాంటే నువ్వు నిలబడు సామీ, చూస్తాను," అన్నాడు ఈరన్న. దిగేటప్పుడు ఆటో అతను సాయంత్రం తిరిగి తీసుకెళ్ళడానికి తన నంబరు ఇచ్చాడు.

మైదానం గేటు దగ్గర నాగవేణి ఎదురొచ్చింది. తండ్రి నీళ్ళు తాగడానికి పక్కకు వెళ్ళగానే బయానా సంగతి, మూట సంగతి చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆ లారీలు చిన్నప్పుడు ఆమె కూడా ఎక్కింది. "ఒక్క నిమిషం ఆంటీ," అని లోపలికి పోయింది.

తిరిగి వచ్చినప్పుడు భుజాన తన బ్యాగు ఉంది. గోల్‌కీపర్ బ్యాగు అంటే మామూలు సంచీ కాదు. కాళ్ళ ప్యాడ్లు, హెల్మెట్టు, ఛాతీ కవచం అన్నీ కలిపి బియ్యం మూటంత బరువు. దాన్ని మోసుకుంటూ గేటు దాటి, బయట మట్టిలో తండ్రి కాళ్ళ ముందు దించింది. లోపల కసరత్తు చేస్తున్న పిల్లలు ఆగిపోయి చూస్తున్నారు.

"నాయినా, మూట దించినా. ఇంగ నువ్వు మాట్లాడు."

ఈరన్న బ్యాగు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. కండువా సర్దుకున్నాడు.

అప్పటికే మేనేజరు శేఖర్ గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, కడప అబ్బాయే, మర్యాదస్తుడు. ఆట నాలుగింటికి ఉండగా గోల్‌కీపర్ బ్యాగు రోడ్డు మీద కనబడితే ఎవరికైనా గుండె ఆగుతుంది. ఈరన్న నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, నోట్ల కట్ట అతని చేతిలోనే పెట్టాడు.

"నోట్లు ఎంచి చూసుకోండి సార్."

"ఏంది పెద్దాయనా ఇది? ఈ పొద్దు చేసే పనేనా? పాప ఆడదా?"

నాగవేణే జవాబు చెప్పింది. "ఆడతా సార్. పాత కాగితం ఈ టోర్నీ అయ్యేదాకా ఉండాది. కొత్తదాని సంగతి మా నాయిన మాట్లాడతాడు."

శేఖర్ నా చేతిలోని కాగితాల వైపు చూశాడు. తేదీ ఉన్న పేజీ తెరిచి పట్టుకున్నాను గానీ చదివే అవసరం రాలేదు. ఈరన్న నిదానంగా రెండు మాటలు అడిగాడు. ఒప్పందం రెండు సీజన్లకు వద్దు, ఒక్క సీజనుకు చాలు. ఆటలో గానీ కసరత్తులో గానీ దెబ్బ తగిలితే వైద్యం, మంచాన ఉన్నన్ని రోజుల జీతం జట్టే చూసుకోవాలి.

జట్టు యజమాని బేతంచెర్లలో నాపరాళ్ళ వ్యాపారి. ఒకరికి ఇస్తే పదహారు మందీ అడుగుతారనీ, ఆయన ఒప్పుకోడనీ శేఖర్ చెప్పాడు. అందులోనూ న్యాయం ఉంది.

"మేస్త్రీ తీసుకపోయిన మనిషి చేలో పడిపోతే, ఊరికి తెచ్చి దించేది మేస్త్రీనే సార్," అన్నాడు ఈరన్న. "మేము కొత్తగా అడిగేది ఏమీ లేదు."

"అది మిరప చేను పెద్దాయనా. ఇది ఆట. ఒక మాట చెప్తా వినండి, ఈ పొద్దు అయిదు గోల్స్ పడితే రేపు ఈ జీతం కూడా ఇవ్వరు. ఇప్పుడే సంతకం పెడితే మీకే మంచిది."

ఈరన్న కూతురి వైపు చూశాడు. ఆమె బ్యాగు పట్టీ బిగించుకుంటూ, "పడితే పడనీ సార్. గోల్స్‌ను బట్టి మోకాలు మారదు," అంది.

శేఖర్ ఫోను తీసి పక్కకు నడిచాడు. ఈసారి బ్యాగు ఈరన్న ఎత్తుకున్నాడు. ఇది ఈ పొద్దు కూలి అని నాతో అని, డ్రెస్సింగ్ రూము తలుపు దాకా తానే మోశాడు.

ఆటగాళ్ళ ఇంటివాళ్ళకు పాసులు ఇచ్చారు, టికెట్టు కొనేవాళ్ళకు యాభై. గ్యాలరీకి పడమటి వైపే నీడ ఉంది, ముందే వెళ్ళి కూర్చోవాలి. అనంతపురం జట్టు మొదట్లోనే ఒక గోలు వేసింది. మనవాళ్ళు మూడో క్వార్టర్లో సమం చేశారు. ఆ తరువాత అంతా మన గోలు ముందే జరిగింది. నాగవేణి పడుకుని ఒకటి, కాలితో ఒకటి, చివర్లో హెల్మెట్టుకు తగిలి ఒకటి ఆపింది. హెల్మెట్టు చప్పుడుకు ఈరన్న నా పక్కన లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చోలేదు. సమంగా ముగియడంతో షూటౌట్ పెట్టారు. ఒక్కొక్క అమ్మాయి బంతితో ఒంటరిగా గోల్‌కీపర్ మీదికి వస్తుంది, ఎనిమిది సెకన్లలో వేయాలి. జట్టుకు అయిదుగురు. నాగవేణి అయిదింటిలో మూడు ఆపింది. కానీ మనవాళ్ళు వేయగలిగింది ఒక్కటే.

"ఓడినామా అక్కా?" అన్నాడు ఈరన్న. ఓడామన్నాను.

ఆయన మైదానంలోకి చూస్తూనే ఉన్నాడు. నాగవేణి హెల్మెట్టు తీసి, వంగి, లేచి, సొంత కాళ్ళ మీద మిగతా పిల్లల వైపు నడుస్తోంది. "కుంటడం లేదు," అన్నాడు.

గేటు పక్క క్యాంటీనులో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. జట్టు ఓడింది కాబట్టి మేనేజరు రాడనుకున్నాను. వచ్చాడు. యజమానితో రెండుసార్లు మాట్లాడానన్నాడు. ఒక్క సీజను. దెబ్బకు వైద్యం, ఆ రోజుల జీతం జట్టుదే. అదంతా కాగితం మీద చేత్తో రాసి తెచ్చాడు. కానీ పెంచుతామన్న జీతం పెంచరు, పాతదే. నేను మనసులో లెక్క వేశాను. మోకాలు బాగుంటే కొంత నష్టం, బాగా లేకపోతే ఇల్లు నిలబడుతుంది. ఆ మాటే నాగవేణికి చెప్పి ఊరుకున్నాను. ఆమె తండ్రి వైపు తిరిగింది.

"రేపు చెప్తాం సార్," అన్నాడు ఈరన్న.

"రేపా? కాగితముండాది, పెన్నుండాది. ఇంకేం కావాల?"

"వాళ్ళమ్మ చేలో ఉండాది. ఆమెను అడిగి చెప్తాం."

శేఖర్ మా ఎదురు బెంచీ మీద కూర్చుని, నలుగురికీ టీ చెప్పాడు. నాగవేణి హెల్మెట్టుకు తగిలిన బంతి గురించి తనే మొదలుపెట్టాడు. టీ అయ్యేదాకా ఒప్పందం మాట ఎవరూ ఎత్తలేదు.

మరునాడు కర్నూలులో, మా ఇంట్లోనే నాగవేణి సంతకం పెట్టింది. ఒప్పందాలు చదవడం నాకు వచ్చు, తేదీలు చూడటం వచ్చు, ఆ పని సరిగ్గానే చేశాననుకుంటున్నాను. కానీ ఆ కాగితంలోకి కొత్తగా వచ్చిన రెండు వాక్యాలు నేను చదివి తెచ్చినవి కావు. బస్సులో నాకు అడ్డమనిపించిన పద్ధతిలోంచే అవి వచ్చాయి. తిరుగు బస్సులో ఈరన్న భార్యకు ఫోను చేసి అంతా వివరంగా చెప్పాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. "దానికి మోకాలే గదా చేను. సరే అనుపో," అంది.

ఇలాంటి పని మీద కడప వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సూచన. ఆరు గంటల బస్సే ఎక్కండి. తొమ్మిది గంటల బస్సు కూడా ఆట మొదలయ్యేలోపు చేరుస్తుంది, కానీ ఎదుటి మనిషి తొందర పెట్టినప్పుడు నిదానంగా నిలబడి మాట్లాడటానికి ఆ మూడు గంటలు కావాలి.