వదిన గొంతుకు పలికిన డ్రమ్ము

చెవుల బాబాయికి ఆ పేరు చెవుల సైజు చూసి పెట్టలేదు. చూసినవాళ్లు మాత్రం అలాగే అనుకుంటారు, ఆయన కాదనడు. ఆయన పని డ్రమ్ములు బాగుచేయడం. పుచ్చకాయనైనా చెవి దగ్గర పెట్టుకుని తట్టనిదే కొనడు. పక్కింటి ఫ్యాను ఎందుకు మూలుగుతోందో ఇటు గోడకు చెవి ఆనించి చెప్పేస్తాడు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఒక్కరి మాట వినడమే తలకు మించిన పనిగా ఉంది" అంటాడు. ఆ ఒక్కరూ ఆయన వదిన.

అన్న బ్యాండులో స్నేర్ డ్రమ్ము వాయించేవాడు. ఒకరోజు కచేరీ ఉందని డ్రమ్ము భుజాన వేసుకుని వెళ్లాడు, అంతే. వెతకని చోటు లేదు, అడగని మనిషి లేడు. కొన్నేళ్లయ్యాక పోయాడనే అందరూ అనుకున్నారు. వదిన ఒక్కతే ఒప్పుకోలేదు. "ఆయన ఆ డ్రమ్మును వదిలి ఉండరు. అది వేరేవాళ్ల చేతిలో కనబడితే అప్పుడు నమ్ముతాను" అంది. ముందు కొట్టు, వెనక వంటగది, మధ్యలో ఒక చెక్కతలుపు. ఆ తలుపుకు అటు ఒకరు, ఇటు ఒకరు తలలు నెరిసేదాకా బతికారు.

ఒక మధ్యాహ్నం పాతసామాన్ల వ్యాపారి ఒక డ్రమ్ము తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, ఇది పాతకాలందా, ఉత్తినే పాతబడ్డదా? పాతకాలందైతే కొనేవాడు కాచుకుని ఉన్నాడు."

"ఎక్కడిది?"

"వంతెన అవతల, కూరగాయల బజారు మీది మేడగదిలో. ఎవరో పెద్దాయన, ఒంటికాయ శొంఠికొమ్ము. పోయిన నెల పోయాడు. ఇంటివాళ్లు గది ఊడ్చి నాకిచ్చేశారు."

వ్యాపారి వెళ్లాక బాబాయి పనిలో పడ్డాడు. ఆకుపచ్చ పెయింటు గీకితే కింద నలుపు, దాని కింద తేనెరంగు వార్నిషు. ఒకే చెక్కపలకను ఆవిరిపట్టి గుండ్రంగా వంచారు, ఇప్పటివాళ్లలా పొరలు అతికించలేదు. మరలు చేత్తో కోసినవి, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. పాతకాలందే, సందేహం లేదు. ఇలాంటిది చేతికొచ్చి ఎన్నాళ్లయిందో అనుకుంటూ సంబరంగా దాన్ని బోర్లించాడు.

స్నేర్ డ్రమ్ముకు అడుగు తోలును ఆనుకుని సన్నని తీగల వరస ఉంటుంది. ఆ చిటపటంతా దానిదే. ఆ వరసను నాడాతో కడతారు. దీనికి కట్టింది నాడా కాదు, ఊదారంగు జడ రిబ్బను. పెళ్లయిన కొత్తలో నాడా తెగితే, అన్న వదిన జడ లాగి రిబ్బను కోసుకొచ్చాడు. ఆ రిబ్బను ముడివేసింది చెవుల బాబాయే. తన ముడి తనకు తెలియకపోదు. 

అంతలో తలుపవతల నుంచి వదిన, "అబ్బాయ్, టీ చల్లారిపోతోంది" అంది.

డ్రమ్ము చిర్రుమంది.

తీగలకు ఆ జబ్బు ఉంటుంది. సరిపడ్డ గొంతు వినబడితే వాటంతటవే పలుకుతాయి. అందుకే ఆ కొట్టులో తండ్రినాటి నుంచి ఒక పద్ధతి ఉంది. డ్రమ్ము బాగయ్యాక దాని మనిషిని ఎదురుగా నిలబెట్టి మాట్లాడిస్తారు, ఆ గొంతుకు తీగలు పలకడం మానేదాకా మరలు తిప్పుతారు. దాన్ని గొంతు తప్పించడం అంటారు. అన్న మాత్రం ఎదురు పని చేశాడు. వదిన గొంతుకు పలికేలా బిగించుకున్నాడు. ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే మూలన ఉన్న డ్రమ్ము చిర్రుమనేది. "నీ మొగుడి కంటే ఇదే నయం, పిలవగానే పలుకుతుంది" అని అత్తగారు నవ్వేది.

కానీ తోలుకు చెమ్మ తగిలితే శ్రుతి నిలవదు. బాబాయి మరలు చూశాడు. ఒళ్లంతా తుప్పు, మర తిప్పే తాళంచెవి పట్టే తలలు మాత్రం తళతళ మెరుస్తున్నాయి. మొన్నమొన్నటిదాకా ఎవరో తిప్పుతూనే ఉన్నారు. ఇంకొక్క సంగతి తోచింది. వదిన గొంతు ఆనాటిది కాదు, వయసుతో బరువెక్కింది. ఈ డ్రమ్ము ఇప్పటి గొంతుకు పలుకుతోంది.

చచ్చిపోయాడని చెబితే ఓర్చుకుంటుందేమో. పక్కనే బతికుండి రాలేదని ఏ నోటితో చెప్పడం? అన్న మీద కోపం భగ్గుమంది. వదినకు తెలియకూడదు, అంతే. గబగబా తోలు ఊడదీశాడు. రిబ్బను విప్పి జేబులో కుక్కుకున్నాడు. తీగల వరస తీసి బల్ల చివర కాగితం మీద పడేశాడు.

వదిన టీ గ్లాసు పట్టుకుని తనే వచ్చింది. "ఎవరిదది?"

కాగితం మీద తీగలు కదిలాయి. తోలు లేదు, డొక్క లేదు, దేనికీ కట్టి లేవు. చీమలు పాకుతున్నట్టు సరసరమని కదిలాయి. బాబాయి అరచేయి వేసి అదిమాడు.

"ఎవరిదో. బజారుది" అన్నాడు. తన మాటకు అవి కదల్లేదు.

"నీ మొహం అలా పాలిపోయిందేం?" అంది వదిన. అరచేతి కింద మళ్లీ సరసర.

కొత్త తోలు వేశాడు. కొత్త తీగలు, కొత్త నాడా. చెక్కను నునుపు చేసి వార్నిషు పూశాడు. చూడముచ్చటగా తయారైంది, కానీ దాని వంక చూడబుద్ధి కాలేదు. వ్యాపారి వచ్చే రోజున మళ్లీ తలుపు తెరుచుకుంది.

"అబ్బాయ్" అంది వదిన.

కొత్త తీగలు చిర్రుమన్నాయి.

"మొదటిరోజే విన్నాను. నువ్వే చెబుతావేమోనని చూశాను."

ఇంక దాచి లాభం లేదు. "ఎక్కడ" అంటే చెప్పాడు. "ఎప్పుడు" అంటే "పోయిన నెల" అన్నాడు. వదిన స్టూలు మీద కూలబడింది.

"నేను వారంవారం కూరగాయలకు వెళ్లేది ఆ మేడ కిందికే" అంది. "నా నోరు సంగతి నీకు తెలుసుగా. బజారంతా వినబడుతుంది."

 పైన కిటికీ పక్కన డ్రమ్ము ముందేసుకుని, కింద బేరమాడే గొంతు వింటూ, మర తర్వాత మర సవరించుకునే ముసలివాడు బాబాయి కళ్లకు కట్టాడు. అన్న కోసం మొదటిసారి ఏడుపొచ్చింది, ఏడవడానికి అసహ్యమూ వేసింది.

"గొంతు తప్పించు" అంది వదిన లేచి నిలబడి.

"వద్దు వదినా. నీకోసమే కదా..."

"తప్పించమన్నానా! తాళంచెవి తియ్యి."

తీశాడు. వదిన డ్రమ్ముకు ఎదురుగా నిలబడింది. ఏం మాట్లాడాలో తెలియక, బజారులో మాట్లాడినట్టే మొదలుపెట్టింది. "వంకాయలేంటి ఇలా వడిలిపోయాయి? పుచ్చులు ఏరి పక్కన పెట్టు. తూకం సరిగ్గా వెయ్యి, నా కళ్లింకా కనబడుతున్నాయి." మాటమాటకీ డ్రమ్ము చిర్రుమంటోంది, ఆత్రంగా, మాట పూర్తికాకముందే. 

వదిన ఆగింది. గొంతు తగ్గించి, "ఒక్కసారి కిటికీలోంచి తల బయటపెట్టి, వంకాయలు బాగున్నాయా అని అడిగినా ఇంటికి తీసుకొచ్చేదాన్నండీ" అంది.

తీగలు కదల్లేదు.

బాబాయి తాళంచెవి వంక చూసుకున్నాడు. అది ఇంకా చేతిలోనే ఉంది, ఒక్క మరకూ తగిలించలేదు.

"ఏవండీ" అంది వదిన.

కొట్టులో ఏ చప్పుడూ లేదు.

"ఏవండీ" అని మళ్లీ పిలిచింది, ఈసారి బజారంతా వినబడేలా.