ఇరవై మూడు చోట్ల పాతిన గంట

ఎవెలియా పంతులమ్మకు పాఠ్యపుస్తకమంటే గౌరవమే గాని నమ్మకం లేదు. "ఒకరు చెబితే కబురు, ఇద్దరు చెబితే చరిత్ర" అని నల్లబల్ల మీద రాసి, ఏడాదంతా ఎవరినీ చెరపనివ్వలేదు. సాన్ బార్తోలో ఊరి బడి మూడో తరగతి పిల్లలు ఆ సూత్రాన్ని ఇళ్లకూ మోసుకుపోయారు. దాంతో సంత నుంచి తిన్నగా ఇంటికే వచ్చామనే తండ్రులకు రెండో సాక్షి దొరకడం కష్టమైపోయింది.

ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు తరగతి చూసి సంతకం పెడితే ఉంటుంది, లేదంటే కొండ దిగే బస్సు ఎక్కడమే. తొమ్మిదేళ్లలో నాలుగు ఊళ్లు మారిన మనిషి, ఇక్కడే తొలిసారి గుమ్మం పక్కన కాగితంపూల తీగ నాటుకుంది.

తనిఖీకి ఆమె ఎంచుకున్న పాఠం చర్చి గంట. విప్లవం రోజుల్లో సైనికులు కరిగించి ఫిరంగులు పోతపోయడానికి గంటలు పట్టుకుపోతుంటే, ఊరివాళ్లు తమ గంటను పాతిపెట్టి దక్కించుకున్నారు.

"ఎవరు పాతారు? ఎక్కడ పాతారు? పెద్దల్ని అడిగి రండి. ఇద్దరేసి సాక్షులు! త్వరగా!" అంది ఎవెలియా. ఆమెకు దేనికైనా తొందరే.

సోమవారానికి ఇరవై మూడు మంది పిల్లలు ఇరవై మూడు గోతులు తెచ్చారు. ఆరుగురు మోయలేని గంటను ప్రతి ఇంటి ముత్తాతా ఒంటిచేత్తో మోసి పాతాడు. ప్రతి గోతికీ అమ్మమ్మ ఒక సాక్షి, అమ్మమ్మ చెల్లెలు రెండో సాక్షి. నియమం ఎక్కడా తప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"యాస్మిన్, మీ ముత్తాత పందులదొడ్లో పాతాడా?"

"అవును టీచర్. పందులు కూడా చూశాయట. వాటిని సాక్షుల్లో కలపొచ్చా?"

అవ్వల మాటను పంతులమ్మ శంకించిందన్న వార్త ఊరంతా పాకింది. శుక్రవారం తనిఖీ వేళకు తొమ్మిదిమంది అవ్వలు శాలువలు కప్పుకుని, మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండిన తమాలేల బుట్టలతో సహా తరగతిలో దిగారు.

"మీ నాన్న మూరెడు మనిషి కదే త్రాన్సితో! గంట నాలుకైనా ఎత్తగలిగేవాడా?"

"నోర్ముయ్యవే పెత్రా! మీ నాన్న ఆ రోజుల్లో రొట్టెల పొయ్యిలో దాక్కోలేదూ?"

"దాక్కున్నాడు! గంటను కూడా వెంట తీసుకుపోయి మరీ దాక్కున్నాడు!"

గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టరు వెన్సెస్లావో కలం మూత తీశాడు. "పంతులమ్మగారూ, ఇందులో సరైన జవాబేది?"

ఏదో ఒక గొయ్యి పేరు చెబితే సంతకం దక్కుతుంది. ఎవెలియా నల్లబల్ల వైపు చూసింది.

"ఇంకా తేలలేదండీ."

"తేలకపోవడమేమిటి? ఆ గంట అసలు మీ ఊరిదే కాదు, మా ఊరు సాంతా ఇనెస్‌ది. మా గోతిలోంచి మీవాళ్లు ఎత్తుకొచ్చారు. మా నాయనమ్మే చెప్పింది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తొమ్మిదిమంది అవ్వలూ తొలిసారి ఒకే పక్షమయ్యారు. అయితే వాళ్లకన్నా ముందు యాస్మిన్ చెయ్యి పైకి లేచింది.

"రెండో సాక్షి ఎవరండీ?"

ఆయన నల్లబల్ల మీది సూత్రం రెండుసార్లు చదివాడు. "మా మేనత్త ఉంది. తొంభై ఒక్కేళ్లు" అన్నాడు చివరికి.

"తీసుకురా నాయనా," అంది త్రాన్సితో అవ్వ. "తమాలేలు పెట్టి మరీ అడుగుతాం."

వెళ్లేముందు ఆయన రిజిస్టరులో రాశాడు: "విచారణ అసంపూర్తి. ముగియువరకు ఉపాధ్యాయిని ఇక్కడనే ఉండవలెను." కింద సంతకం పెట్టాడు.

మేనత్త ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కొత్త గొయ్యి చూపించి, బుట్ట నింపుకుని వెళ్లింది. కాగితంపూల తీగ కప్పు దాకా పాకింది. ఎవెలియా మాత్రం ఆవిడను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.