నాకు పట్టని టీకా

అక్కా నేనూ ఒకే వరసలో నిలబడి వేయించుకున్న టీకా అది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి రాకుండా ఆ రోజుల్లో ఊరూరా శిబిరాలు పెట్టేవారు. పాలకొల్లులో చర్చి హాల్లో పెట్టినప్పుడు మూడు డోసులూ తప్పకుండా వేయించుకున్నాం. తర్వాత హైదరాబాద్‌లో నా కిడ్నీ డాక్టరుగారు ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపారు. అక్క ఒంట్లో యాంటీబాడీలు కావలసినన్ని తయారయ్యాయి. నా ఒంట్లో అసలు లేవు.

"అదెలాగండీ? ఇద్దరికీ వేసిన మందు ఒకటేగా?" అన్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. అంతకు ముందు ఏడాది నాకు అక్క కిడ్నీ పెట్టారు. అది పరాయిదని నా ఒళ్లు తిరగబడకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు ఒంటి కాపలాను జోకొడతాయట. టీకా వచ్చి లేపినా లేచే ఓపిక దానికి ఉండదట.

"పోనీ టీకా వేసుకున్న నాలుగు రోజులూ మాత్రలు ఆపేస్తే?"

"కిడ్నీ పోతుందమ్మా. ఆ మాట ఇంకెప్పుడూ అనకండి. రక్తం ముట్టుకునే పని మాత్రం మానేయండి."

నా పనే రక్తం. పాలకొల్లు బస్టాండు దగ్గర ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. నరం దొరకని ముసలివాళ్లనీ, చంటిపిల్లల్నీ నా దగ్గరికే పంపేవారు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఎప్పుడు మళ్లీ ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్తానా అని ఎదురుచూస్తున్నాను. తీరా వెళ్తే మా ల్యాబ్ డాక్టరుగారు రిపోర్టు చదివి కళ్లజోడు తీశారు.

"ఇంట్లో విశ్రాంతి తీసుకోండమ్మా. మీకేమైనా అయితే నా మనసు ఒప్పుకోదు."

మంచిమనిషి. అందుకే ఇంకా ఒళ్లు మండింది. పోట్లాడ్డానికి కూడా వీల్లేదు.

నేను అక్కావాళ్లింట్లోనే ఉండేదాన్ని. వెళ్లేసరికి అక్క గేదెకి కుడితి కలుపుతోంది. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. అక్క చేతులైనా కడుక్కోకుండా నా మీద విరుచుకుపడింది.

"నువ్వు మూల కూర్చోడానికా నేను కోయించుకుంది? నువ్వేం చేయకూడదో వాళ్లు చెప్పారు, బాగానే ఉంది. ఏం చేయగలవో నువ్వు చెప్పావా?"

చెప్పలేదు. మర్నాడు వెళ్లి చెప్పాను.

"సూది పట్టనండి. రక్తం గొట్టాలు ముట్టుకోను. స్లైడ్లు చూస్తాను."

మా వైపు బోదకాలు, మలేరియా అనుమానంతో వచ్చే స్లైడ్లు ఎప్పుడూ ఉండేవి. రక్తపు పూత ఆరబెట్టి, రంగు వేశాక మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. "గ్లవ్స్ వేసుకునే పట్టుకుంటాను. అయితే మీరందరూ కూడా వేసుకోవాలి. ఇక్కడ పనిచేసే ప్రతివాళ్లూ టీకా వేయించుకోవాలి," అన్నాను.

పక్కనున్న తోటి టెక్నీషియన్ ఊరుకోలేదు. "మీకు పనిచేయని టీకా మాకెందుకండీ?"

"నాకు పట్టలేదు కాబట్టే మీకు కావాలి. మీ దాకా రాకపోతే నా దాకా రాదు."

ల్యాబ్ డాక్టరుగారు ఫోను నా వైపు జరిపారు. అక్కడి నుంచే హైదరాబాద్‌కి చేశాను. కిడ్నీ డాక్టరుగారు చాలాసేపు తటపటాయించి, వంద జాగ్రత్తలు చెప్పి, చివరికి సరేనన్నారు.

అలా పనిలోకి వెళ్లాను గానీ సుఖంగా ఏం లేదు. మొదటి వారంలోనే పెనుగొండ నుంచి ఒక మామ్మగారు వచ్చి నా ముందే చెయ్యి చాపింది. "నీ చెయ్యయితే చీమ కుట్టినట్టే ఉంటుందే అమ్మాయ్," అంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, నరం ఎక్కడుందో తోటి టెక్నీషియన్‌కి నోటితో చెప్పాను. సూది రెండుసార్లు తప్పింది. మామ్మగారు నన్ను చూసిన చూపుకి ఆ పూట అన్నం సహించలేదు.

హైదరాబాద్‌లో నాకు అదే టీకా మళ్లీ మొదలుపెట్టి, ఈ రెండో విడతలో డోసు రెట్టింపు చేసి వేశారు. ఈసారి యాంటీబాడీలు కొన్ని వచ్చాయి, చాలినన్ని కాదు.

"మళ్లీ వేసినా రాకపోవచ్చు," అన్నారు కిడ్నీ డాక్టరుగారు.

"వేయకపోతే ఎలాగూ రాదు కదండీ. వేయండి."

ఆయన నవ్వి వేయించారు. ఆ విడతకి చాలినన్ని వచ్చాయి. అక్క వీధంతా చెప్పుకుని, పక్కవాళ్లకి పూతరేకులు పంచింది. మరుసటి ఏడాది పరీక్షలో మళ్లీ తగ్గిపోయాయి. మొదటిసారైతే ఆ కబురుకి కుప్పకూలిపోయేదాన్ని. ఈసారి ఫోన్లోనే, "తర్వాతి డోసుకి ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి, తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకున్నాను. ఫ్యాను కింద స్లైడ్లు ఆరిపోయాయి. బయట బల్ల మీద జనం రిపోర్టుల కోసం కూర్చున్నారు. గ్లవ్స్ తొడుక్కుని మైక్రోస్కోపు ముందుకి స్టూలు లాక్కున్నాను.