ఫొటోగ్రాఫర్ వెళ్ళిపోయాక

మా బావని ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా అయితే "రోజంతా గారు", వెనకాల అయితే ఉత్త "రోజంతా". పెళ్ళి ఫొటోలు మాట్లాడుకోవడానికి ఎవరొచ్చినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే. "రోజంతా అయితే వస్తానండీ. పూటకి రాను. గంటల లెక్కన అసలే రాను."

ఆయన మా అక్క భర్త. ఇరవై మూడేళ్ళుగా రెండో కెమెరా మెడలో వేసుకుని ఆయన వెనకాల తిరుగుతున్నది నేనే. అంచేత ఆయన మొండితనం గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

మా స్టూడియో రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. దారం ఎందుకంటే అంతకు ముందు దువ్వెనలు ఒక్కొక్కటీ జనం జేబుల్లో పడి వెళ్ళిపోయాయి. వెనక గదిలో బూడిదరంగు తెర, రెండు లైట్లు, కంప్యూటరు, ఒక పాత బిస్కెట్ల డబ్బా. ఆ డబ్బా సంగతి తర్వాత చెబుతాను.

ఆ మధ్య ఒక పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. మర్యాదస్తుడే. "ముఖ్యమైన రెండు గంటలు తీస్తే చాలండీ" అన్నాడు. "పొద్దున్న ఇంట్లో హడావిడి, సాయంత్రం కుర్చీలు సర్దుకోవడం. అవి తీసి ఏం చేసుకుంటాం?"

నేను మనసులో దండం పెట్టుకున్నాను, బావ నోరు తెరవకుండా ఉంటే బాగుండునని. తెరిచాడు.

"ఆ ముఖ్యమైన రెండు గంటలు ఏవో మీకు ముందే తెలుసా అండీ?"

ఇక మా బావ మొదలుపెట్టాడు. ఈ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు.

"మొదటి మూడు గంటలు అందరూ నాకు మొహం ఇస్తారండీ. పొట్ట లోపలికి లాక్కుంటారు, గడ్డం ఎత్తుతారు, లేని నవ్వు తెచ్చుకుంటారు. నాలుగో గంటకి నేనంటే విసుగొస్తుంది. ఐదో గంటకి నన్ను కూడా ఒక కుర్చీ అనుకుని పక్కనుంచి నడిచిపోతారు. నా పని అప్పుడు మొదలవుతుంది. ఇదిగో, చూడండి."

బల్ల సొరుగులోంచి ఎప్పుడూ ఆ రెండు ఫొటోలే తీస్తాడు. ఒకదాంట్లో ఇద్దరు ముసలి అన్నదమ్ములు చేతులు కడుక్కునే చోట నిలబడి ఉంటారు. ఆరేళ్ళుగా మాటల్లేవు వాళ్ళకి. తమ్ముడు చేతులు కడుక్కుని తుడుచుకోవడానికి వెతుక్కుంటుంటే అన్న తన భుజం మీది తువ్వాలు అందిస్తున్నాడు. మొహం మాత్రం పక్కకే తిప్పుకున్నాడు. రెండో దాంట్లో ఒక పెళ్ళికూతురి తల్లి, వంటగది గుమ్మంలో కూలబడి, చెప్పులు పక్కన పెట్టి, చల్లారిన అన్నం గబగబా తింటోంది. ఆ రోజంతా ఆమె కూర్చున్నది అప్పుడే. ఆమె పోయాక ఆ కూతురు వచ్చి అదొక్కటే పెద్దది చేయించుకుని వెళ్ళింది. వేదిక మీద ఆమెతో కలిసి దిగినవి యాభై ఉన్నాయి, వాటి జోలికి పోలేదు.

పెళ్ళికూతురి తండ్రి రెండూ చూశాడు. "బాగున్నాయండీ, ఇంట్లో అడిగి చెబుతాను" అని లేచాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నవాడు మళ్ళీ రావడం నేను చూడలేదు. వచ్చిన బేరాన్ని మర్యాదగా వీధిదాకా సాగనంపడంలో మా బావని మించినవాడు లేడు.

"మనకేంటి బావా ఈ పిచ్చి?" అని కసిరేవాణ్ణి. ఆయన లెన్సు తుడుచుకుంటూ ఉండేవాడు. నాకు తెలియక అడగలేదు. తెలిసే కసిరేవాణ్ణి.

అక్కా బావల పెళ్ళి ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. అప్పట్లో బావ ఒక పెద్దాయన స్టూడియోలో ఫిల్ములు కడిగేవాడు. పనివాడి పెళ్ళి కదా అని ఆ పెద్దాయనే కెమెరా పట్టుకుని వచ్చాడు. ఆయనకి ఆ రోజే ఇంకో పెళ్ళి ఉంది. "ఎంతసేపు ఉండమంటావురా?" అని అడిగితే, "రెండు గంటలు చాలు సార్" అన్నది మా బావే. నేను పక్కనే ఉన్నాను.

రెండు గంటలు, ఒక రీలు. అన్నిట్లోనూ అక్క పెదాలు బిగించుకుని ఉంది. అక్కకి ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. కెమెరా కనిపిస్తే చాలు, నోరు కుట్టేసినట్టు మూసుకునేది. ఇంట్లో అయితే ముప్ఫై రెండు పళ్ళూ కనిపించేలా నవ్వే మనిషి.

పెద్దాయన వెళ్ళిపోయిన గంటకి బావ అలసిపోయి ఒక మడత కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీ ఆయనతో సహా మడతపడింది. కొత్త బట్టల్లో, కాళ్ళు పైకి, తల కిందికి, పెళ్ళికొడుకు. అందరూ "అయ్యో" అంటూ పరిగెత్తారు. అక్క ఒక్కతే కదల్లేదు. నా భుజం పట్టుకుని నవ్వింది. తల ఎడమ భుజం మీదికి వాలిపోయింది, ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది, కుడి కన్ను తెరిచే ఉంది, దాంట్లోంచి నీళ్ళు. నా భుజం రెండు రోజులు నొప్పి పుట్టింది. ఆ నవ్వు ఏ రీలులోనూ లేదు.

తర్వాతైనా తీయలేదా అంటే, తీశాడు. చేతికి కెమెరా దొరికినప్పుడల్లా ప్రయత్నించాడు. కెమెరా పైకి లేచేసరికి అక్క పెదాలు మూతపడేవి. "ఉండవే, ఎప్పుడో ఒకసారి పట్టుకుంటా" అనేవాడు. పాపకి ఏడాదిన్నర నిండినప్పుడు అక్కకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. అంతే. ఎప్పుడో ఒకసారి అనుకున్నది ఇక లేకుండా పోయింది.

పాప, అంటే నా మేనకోడలు, నా చేతుల్లో, బావ చేతుల్లో పెరిగింది. ఆ ఎత్తు పన్ను దానికీ వచ్చింది. బడిలో పిల్లలు ఏడిపించారేమో, నవ్వు రాగానే దాని చెయ్యి నోటికి అడ్డం వెళ్ళేది. పెద్దయినా ఆ అలవాటు పోలేదు.

ఆరేడేళ్ళప్పుడు అడగడం మొదలుపెట్టింది. "నాన్నా, అమ్మ ఎలా నవ్వేది?"

"బాగా నవ్వేదమ్మా" అని లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయేవాడు. అది నా మీద పడేది. "నువ్వు చెప్పు మావయ్యా."

నేనేం చేశాను? కోతలు కోశాను. "మీ అమ్మ నవ్వితే పై వాటాలో వాళ్ళు వర్షం వస్తోందని బట్టలు తీసేసేవాళ్ళు" అన్నాను ఒకరోజు. "మొండి స్కూటరు స్టార్టయినట్టు నవ్వేది" అన్నాను ఇంకోరోజు. పిల్ల చేత్తో నోరు మూసుకుని పొర్లి పొర్లి నవ్వేది. నిజం చెప్పబోతే నాకు ఏడుపొచ్చేది, అబద్ధమైతే హాయిగా వచ్చేది. ఆ పూటకి గండం గడిచేది. బావ వెనక గదిలో అటు తిరిగి కూర్చుని వింటూ ఉండేవాడు. వింటున్నాడని నాకు తెలుసు. ఎందుకు వింటున్నాడో తెలీదు.

ఇక ఆ బిస్కెట్ల డబ్బా. ప్రతి పెళ్ళికీ ఫొటోలన్నీ ఏరాక, బావ ఒక్కటి మాత్రం చిన్నసైజులో అచ్చు వేసుకుని ఆ డబ్బాలో పడేసేవాడు. పెళ్ళికూతురు ఒళ్ళు మరిచి నవ్విన ఫొటో. సాయంత్రం తీసిందే అయ్యుండేది. పనితనం చూపించుకోవడానికి దాచుకుంటున్నాడని అనుకునేవాణ్ణి. ఒక్కరికైనా చూపించగా చూడలేదు.

పోయిన నెల పాప పెళ్ళయింది. "నాన్నా, నువ్వు కెమెరా ముట్టుకున్నావంటే నేను వేదిక ఎక్కను" అని ముందే తేల్చి చెప్పింది. దాని పెళ్ళికి ఫొటోగ్రాఫర్ని నేనే. రోజంతా, ఆ మాట మళ్ళీ చెప్పాలా?

ఆ రోజు నా తల ప్రాణం తోకకి వచ్చింది. చేతిలో కెమెరా లేకపోయేసరికి మా బావకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టాడు, వెనక్కి కట్టుకున్నాడు, చివరికి నా చెవి దగ్గర చేరాడు. "కిటికీ వైపు వెళ్ళరా. ఆ లెన్సు కాదురా. వంగు, వంగు." నేను ఇక పట్టలేక, "బావా, నువ్వు పెళ్ళికూతురి తండ్రివి. వెళ్ళి తండ్రిలా ఏడు" అన్నాను. పాపం, వెళ్ళి ఒక మూల కూర్చున్నాడు.

నాలుగు దాటాక హాలువాళ్ళు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. మిగిలింది దగ్గరివాళ్ళు పది పన్నెండు మంది. పాప మెట్ల మీదికి వచ్చింది. కరిచిన కొత్త చెప్పులు ఒక చేతిలో, నేలకి రాసుకుంటున్న పెళ్ళిబట్టలు రెండో చేతిలో. ఎదురుగా వాళ్ళ నాన్న. అందరూ ఒకచోట గుమిగూడేసరికి ఆయనకి పాత అలవాటు పూనింది. ఖాళీ చేతులు రెండూ మొహం ముందుకి ఎత్తి, ఒక కన్ను మూసి, లేని కెమెరాలోంచి చూస్తూ, "అమ్మాయ్, కొంచెం కుడికి... ఆఁ, గడ్డం పైకి" అన్నాడు. వేలితో మీట కూడా నొక్కాడు.

పాప నవ్వింది. చేతులు రెండూ ఖాళీగా లేవు. నోటికి అడ్డం ఏమీ రాలేదు. తల ఎడమ భుజం మీదికి వాలింది, ఎడమ కన్ను మూసుకుపోయింది, ఎత్తు పన్నుతో సహా అన్నీ కనిపించాయి.

మా అక్క మెట్ల మీద నిలబడి ఉంది. ఒక్కసారి నొక్కాను. ఫొటో అంచున బావ మోచెయ్యి పడింది, బొమ్మ కొంచెం చెదిరింది కూడా. ఆయన మాత్రం నాలిక కరుచుకుని, చేతులు దింపి, సిగ్గుతో నేల చూస్తున్నాడు.

నాలుగో రోజు పాప స్టూడియోకి వచ్చింది. ఆ ఫొటో చేతిలో పెట్టి, "మీ అమ్మ అచ్చం ఇలాగే నవ్వేది" అన్నాను.

"నువ్వూరుకో మావయ్యా. నీ స్కూటర్లూ వర్షాలూ చాలా విన్నాను" అంది. అయినా ఫొటో పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర ఆగాను.

"నాన్నా, నిజం చెప్పు. అమ్మ ఇలా నవ్వేదా?"

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. లైటు కిందికి జరిగాడు. చాలాసేపు చూశాడు. అంతసేపు ఎందుకు పట్టిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

"ఇలాగేనమ్మా" అన్నాడు. "ఇదే మీ అమ్మ నవ్వు."

పాప ఆయన మెడ కావలించుకుని బావురుమంది. తర్వాత అద్దం ముందు నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, తన పళ్ళు తానే చూసుకుంది. పెళ్ళిరోజున కూడా దాని మొహం అంత వెలగలేదు. అది వెళ్ళిపోయాక నేను వెనక గదిలోకి వెళ్ళాను. నాకూ ఏడుపొచ్చేలా ఉంది, సంతోషంతోనే.

బావ ఇంకా ఆ ఫొటో వైపే చూస్తున్నాడు.

"దానికి అబద్ధం చెప్పానురా" అన్నాడు.

"ఏంటి బావా?"

"నాకు గుర్తు లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. ఒకరోజు కళ్ళు మూసుకుంటే మొహం వచ్చింది, నవ్వు రాలేదు. రోజూ ఎదురుగా చూసిన నవ్వురా, ఎలా మర్చిపోతాను?" డబ్బా మీద చెయ్యి వేశాడు. "ఇంతమందిని పట్టుకున్నాను. ఏదో ఒకటి చూడగానే, ఇదీ అని గుర్తొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. పోనీ, పిల్ల సంతోషపడింది కదా."

"బావా, అబద్ధం కాదు. ఇదే. అక్షరాలా ఇదే."

"ఊరుకోరా."

"పాప మీద ఒట్టు బావా. విను." ఇన్నేళ్ళలో మొదటిసారి నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మడత కుర్చీ, ఎడమ భుజం, మూసుకున్న ఎడమ కన్ను, తెరిచిన కుడి కంట్లో నీళ్ళు, నా భుజం మీద అక్క వేళ్ళు. మధ్యలో రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను. అయినా చివరిదాకా చెప్పాను.

బావ కదలకుండా విన్నాడు. అంతా అయ్యాక నా భుజం తట్టాడు.

"బాగా చెప్పావురా" అన్నాడు. "వర్షం కంటే, స్కూటరు కంటే ఇదే బాగుంది."

ఫొటోని మిగతావాటి మీద పెట్టి డబ్బా మూత వేశాడు. మూత పట్టలేదు. రెండు చేతులతో నొక్కాడు.