నటుడి పాదాలు చూసి వాయించిన మాస్టారు

మా హార్మోనియం మాస్టారు పోయారు. మొన్న మంగళవారం నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే వాళ్లమ్మాయి మా ఊరు కొత్తపేట నుంచి ఫోన్ చేసింది.

"నాన్నగారు వెళ్లిపోయేరక్కా. టీ తాగి గ్లాసు కింద పెట్టేరు. అంతే."

ఏడవలేదు. ఏళ్ల తరబడి తండ్రికి అన్నీ తానే చేసి అలిసిపోయిన గొంతు అది. నాకూ ఏడుపు రాలేదు. చెప్పులు విప్పేసి మెట్టు మీద కూర్చుండిపోయాను.

నేను వీడియో గేములకు సంగీతం కడతాను. అదేం పనో బంధువులకు చెప్పడం నాకెప్పుడూ తంటాయే. సినిమాలో సీను ఎంతసేపో ముందే తెలుస్తుంది. గేములో తెలియదు. ఆడే మనిషి అడవిలోకి వెళ్తాడో, శత్రువుతో తలపడతాడో, కాలవ గట్టున ఆగిపోతాడో వాడిష్టం. వాడెటు పోతే సంగీతం అటు పోవాలి. ఈ సంగతి ఒక్కసారి చెప్పగానే అర్థం చేసుకున్నది మాస్టారొక్కరే. అప్పటికాయన ఒక్క గేమైనా చూసి ఎరగరు.

ఆయన పద్యనాటకాలకు వాయించేవారు. తొంభైల్లో నేను ఆయన దగ్గర నేర్చుకునేదాన్ని. మొదలుపెట్టే ముందు హార్మోనియం మెట్లన్నీ కండువాతో తుడిచేవారు. నేను తప్పు వాయిస్తే తప్పని అనేవారు కాదు. "ఆయ్, ఇంకోసారి" అనేవారు. అలా ఎన్నిసార్లయినా.

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను రిహార్సల్‌కి తీసుకెళ్లారు. రాజు వేషం వేసే రైతు పద్యం మధ్యలో మాట మరిచిపోయి చెమటలు తుడుచుకుంటున్నాడు. మాస్టారు తొందరపెట్టలేదు. హార్మోనియం తిత్తి మెల్లగా నొక్కుతూ, ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ ఉండిపోయారు. ఆ రైతు అడుగు ముందుకు వెయ్యగానే రాగమూ లేచింది, మాటా వచ్చింది.

"ఆయనకి గుర్తొచ్చిందని మీకెలా తెలిసిందండీ?" అన్నాను.

"పాదం చూడాలమ్మాయ్. గొంతు కంటే ముందు పాదం చెప్పేస్తుంది."

తరవాత నాటకాలు తగ్గాయి. ఉన్న కొద్దివాటికీ క్యాసెట్లు పెట్టడం మొదలైంది. మాస్టారిని ఎవరూ పొమ్మనలేదు. పిలవడం మానేశారు. ఆపైన పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

ఆ రోజుల్లోనే నాకు హైదరాబాద్‌లో మొదటి గేము దొరికింది. ఊరికొక పాట, అడవికొకటి, యుద్ధానికొకటి కట్టాను. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోట పుటుక్కున తెగినట్టు వినబడేది. గేము కంపెనీవాళ్లు మూడుసార్లు తిప్పి పంపారు. ఈసారి కుదరకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. ఇక ఈ పనే వద్దనుకుని బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. మాస్టారిని చూడ్డానికి వెళ్లి, ఆయన మంచం పక్కన కూర్చుని, ఉన్నదంతా చెప్పాను.

"అయితే ఆడేవాడు ఆగితే మీ మిషనూ ఆగుతుందా?" అని అడిగారు.

"ఆగాలండీ. అదే నాకు చేతకావట్లేదు."

"క్యాసెట్ ఆగదమ్మాయ్. పద్యం మరిచిపోయినా దాని దారిన అది వెళ్లిపోద్ది."

 ఎడం చేత్తో మోకాలి మీద తాళం వేస్తూ మొదలుపెట్టారు.

"నువ్వు పాట మార్చేస్తున్నావు. మార్చకు. అంతటికీ శ్రుతి ఒకటే ఉండనీ. ఊళ్లో పల్చగా వాయించు. అడవి వచ్చేక దాని మీదే ఇంకో పొర వెయ్యి. శత్రువు వచ్చేడనుకో, తబలా మీద ఒక్క దెబ్బ కొట్టి ఊరుకో. తాళం మధ్యలో తెంపకు. తాళం చుట్టు తిరిగి ఆవర్తనం పూర్తయ్యేక అప్పుడు యుద్ధంలోకి వెళ్లు."

"మరి వాడు ఎక్కడికీ వెళ్లకుండా నిలబడిపోతేనండీ?"

"నిలబడనీ. నిలబడ్డవాణ్ణి తరమకూడదమ్మాయ్. అలిసిపోయుంటాడు."

ఎవరి గురించి అన్నారో అడగలేదు. మర్నాడే తిరుగు బస్సెక్కాను. కట్టినవన్నీ పారేసి ఆయన చెప్పినట్టే మళ్లీ కట్టాను. ఈసారి తిప్పి పంపలేదు.

గేము బయటికొచ్చాక లాప్‌టాప్ మోసుకుని కొత్తపేట వెళ్లాను. మాస్టారిని దిండుకు ఆనించి కూర్చోబెట్టి, ఎడం చెయ్యి మీటల మీద పెట్టి, ఏది నొక్కితే మనిషి ఎటు నడుస్తాడో చూపించాను. మెల్లగా ఊరు దాటించారు. అడవిలో శత్రువు ఎదురుపడ్డాడు. ఒక్క దెబ్బ మోగింది. మాస్టారు పెదవులు కదుపుతూ తాళం లెక్కపెట్టుకున్నారు. సరిగ్గా ఆవర్తనం ముగిసిన చోట యుద్ధం అందుకుంది. "ఆయ్!" అని గట్టిగా నవ్వేశారు. ఆ నవ్వులో మూతి ఒకవైపే కదిలింది.

ఆ మనిషిని కాలవ గట్టు దాకా నడిపించి ఆపేశారు. సంగీతంలో ఒక్కో పొరే దిగిపోయి శ్రుతి ఒక్కటే మిగిలింది.

"నడిపించండి నాన్నగారూ, ముందు ఇంకా చాలా ఉందంట" అంది వాళ్లమ్మాయి.

"ఉండమ్మా" అన్నారు మాస్టారు. మీటల మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

 తెర మీద కాలవ నీళ్లు కదులుతూనే ఉన్నాయి.