రంగునీళ్లు పోయే చోటు

వీధిలో అందరూ ఆమెను అనుమానాలక్క అనేవారు. భర్త పోయాక అద్దకం షెడ్డు ఆమె చేతికొచ్చింది. మూత తీసి వాసన చూడందే రంగు డబ్బా కొనదు; పాలవాడు పోసిన పాలు వాడి ఎదుటే మళ్లీ కొలుస్తుంది. అలా కాబట్టే ఒంటిచేత్తో నెగ్గుకొచ్చింది. జనం నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకునేది.

ఆ వీధి అద్దకం షెడ్లన్నిటిలో మిగిలిన రంగునీళ్లను ఊరవతలి శుద్ధి కేంద్రానికి తోలే పని ఆమె తమ్ముడిది. ట్యాంకరు అతనిదే, కిరాయి మాత్రం షెడ్ల వాళ్లందరూ కలిసి ఇస్తారు. ఆ వేసవిలో ఆమెకు ఒకటి తట్టింది. ఇదివరకు మధ్యాహ్నానికి గానీ తిరిగిరాని బండి, ఇప్పుడు తీగమీది గుడ్డ ఆరేలోపే వచ్చేస్తోంది.

తమ్ముణ్ని అడగలేదు. అడిగితే ఒక అబద్ధం చెప్తాడు, దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి అల్లుతాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

"ఎక్కడికక్కా?"

"నువ్వెళ్లే చోటికే."

అతను తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. ఇక తప్పదని బండి తీశాడు.

కేంద్రం గేటుకు తాళం వేలాడుతోంది. లోపల మోటార్ల చుట్టూ గడ్డి నడుమెత్తు పెరిగింది.

"షెడ్ల వాళ్లు కట్టే డబ్బు కరెంటుకే చాలట్లేదని కొన్ని నెలల కిందటే మూసేశారు" అన్నాడు తమ్ముడు. "ఇంకో కేంద్రం ఉంది గానీ చాలా దూరం. మీరిచ్చే కిరాయి డీజిలుకే సరిపోదు."

"మరి నీళ్లెక్కడ పోస్తున్నావు?"

పాత రాళ్ల క్వారీ దగ్గర బండి ఆపాడు. అన్ని రంగులూ కలిసి గుంతలో నల్లగా నిలిచాయి. గట్టుకు ఆవల ఎవరిదో టమాటా తోట, దానికి నీళ్లు తోడే బోరు.

"ముందే చెప్పి చావొచ్చు కదరా!"

"కిరాయి పెంచమని అడిగా కదా. పదిమందిలో నన్ను దొంగలా నిలబెట్టి బేరమాడిందెవరు?"

బేరమాడింది ఆమే. బేరం గెలిచానని ఆ రోజంతా ఆమె సంబరపడింది.

సాయంత్రం షెడ్ల వాళ్లందరినీ కూర్చోబెట్టి చూసిందంతా చెప్పింది. కిరాయి పెంచక తప్పదంది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తమ్ముడి జేబు నింపడానికి అక్క నాటకం బాగానే ఉంది" అన్నాడు ముసలి అద్దకందారు. ఎవరూ కాదనలేదు. తననే అనుమానిస్తే ఎలా ఉంటుందో ఆమెకు మొదటిసారి తెలిసొచ్చింది.

పెంచిన కిరాయి తనే ఇచ్చి, తన నీళ్లను మాత్రం తమ్ముడి చేత దూరపు కేంద్రానికే పంపింది. మిగతావాళ్లవి క్వారీకే పోయాయి. గుడ్డ ధర పెంచాల్సొచ్చింది. ఎన్నాళ్లుగానో ఆమె దగ్గర గుడ్డ కొనే వ్యాపారి పక్క షెడ్డుకు మారిపోయాడు. రెండు రంగు తొట్లు ఎండబెట్టి ఒక్కదానితోనే నెట్టుకొచ్చింది.

కొన్నాళ్లకు అదే వ్యాపారి ఆకుపచ్చ ముద్రతో వచ్చాడు. ప్రకృతికి హాని చెయ్యని గుడ్డంటే పట్నంలో ఎగబడి కొంటున్నారట.

"నా గుడ్డకేనా, పక్క షెడ్డు గుడ్డకు కూడానా?" అడిగింది.

"కొనేవాళ్లకు తేడా ఏం తెలుస్తుందమ్మా?"

ముద్ర వెయ్యనివ్వకుండానే గుడ్డ అమ్మింది. అతను కొట్టుకెళ్లి ముద్ర వేసుకోడన్న నమ్మకమేమీ లేదు.

తర్వాతి వారం ముసలి అద్దకందారు గుమ్మంలో నిలబడి, టమాటా తోటవాళ్లు రంగు తేలిన బోరు నీళ్లు సీసాలో పట్టి తన ఇంటికి తెచ్చారని చెప్పాడు. "దూరపు కేంద్రానికెళ్లే నీ తమ్ముడి ట్యాంకర్లో నా నీళ్లక్కూడా చోటుంటుందా?" అని గొణిగాడు.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"కిరాయి ముందే ఇవ్వాలి" అంది.